సూది పనికి కూలి ఎంత?

గోరంత అద్దం బిళ్ళ. దానికి రంధ్రం ఉండదు, జిగురుతో అంటించరు. ఎడమచేతి బొటనవేలితో బట్టకు అదిమిపట్టి, దాని మీదుగా నిలువునా రెండు పోగులు, అడ్డంగా రెండు పోగులు లాగుతారు. ఆ నాలుగు పోగుల చట్రంలోంచి సూది దూరుస్తూ చుట్టూ అల్లుకుంటూ వస్తే అద్దం బట్టలో ఒదిగిపోతుంది. పోగు వదులైతే నాలుగు ఉతుకులకే ఊడుతుంది. మరీ బిగిస్తే బట్ట ముడుచుకుంటుంది. లంబాడా ఆడవాళ్ళ ఒక్క కాంచళి (రవిక) మీద ఇలాంటి బిళ్ళలు పదుల సంఖ్యలో ఉంటాయి. మధ్యలో గవ్వలు, పూసలు, రంగురంగుల దారం.

తెలంగాణలోని నారాయణఖేడ్ చుట్టుపక్కల, కంగ్టి, సిర్గాపూర్, నాగల్‌గిద్ద వైపు లంబాడా తండాలు ఎక్కువ. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర. ఇక్కడి పాతతరం ఆడవాళ్ళ పేటియా (లంగా), కాంచళి అమ్మకానికి పుట్టిన బట్టలు కావు. ఇంటి కోసం, కూతురి పెళ్ళి కోసం కుట్టినవి. కోడళ్ళు ఇప్పుడు చీరల్లోకి మారారు. తీజ్ పండగకి వేసుకునేది కూడా చాలాచోట్ల మిషన్ మీద కుట్టిన రెడీమేడే. చేతిలో విద్య ఉంది, దానికి ఇంట్లో గిరాకీ పోయింది. ఆ విద్యతో షర్టు, కుర్తా, కోటు కుట్టించి అమ్మే చిన్న వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి చోటు అరుదు. అయితే మొదటి అడుగులోనే ఒక మాట మానుకోవాలి: ‘ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకుంటారులే.’

ఆ మాట ఎంత నష్టం చేస్తుందో మన నరసాపురమే చూపించింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి ఒడ్డున నేర్పిన లేసు అల్లిక విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ అక్కడి అల్లికదారుల మీద చేసిన పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. రోజుకు ఆరేడు గంటలు అల్లే ఆడవాళ్ళను అందరూ ‘గృహిణులు’ అన్నారు. చేసేది కాలక్షేపం అన్నారు. కాలక్షేపానికి కూలి ఎవరిస్తారు? పొలం పనికి దక్కే కూలి కూడా వాళ్ళకు దక్కలేదు. ఎగుమతిదారులు మాత్రం బాగుపడ్డారు. 2024లో నరసాపురం లేసుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ గుర్తింపు పత్రం సరుకు పేరును కాపాడుతుంది, కూలి రేటును కాదు.

ఫెయిర్ ట్రేడ్ (న్యాయమైన వ్యాపారం) అని ప్రపంచమంతా పిలుస్తున్న ఉద్యమం మొదలైంది కూడా సూది దారంతోనే. 1946లో ఎడ్నా రూత్ బైలర్ అనే అమెరికన్ మహిళ ప్యూర్టో రికో వెళ్ళి, అక్కడి పేద ఆడవాళ్ళ కుట్టుపని చూసి, ఆ బట్టలు తెచ్చి తన ఊళ్ళో తెలిసినవాళ్ళకు అమ్మిపెట్టారు. మన దేశంలో కచ్‌లో 1969 కరువప్పుడు చందా ష్రాఫ్ అనే ఆమె సాయం చేయడానికి వెళ్తే, అక్కడి ఆడవాళ్ళు ఊరికే ఇచ్చే సాయం వద్దు, పని ఇవ్వమన్నారు. ముప్ఫై చీరలతో మొదలైన ఆ పని ‘సృజన్’ సంస్థ అయింది. లంబాడా కుట్టుకైతే కర్ణాటకలోని సండూరు దగ్గరి ఉదాహరణ. అక్కడి కుట్టుకు 2010లోనే జీఐ వచ్చింది.

ఇక లెక్క. ఉపాధి హామీలో 2024-25కి తెలంగాణ రోజు కూలి 300 రూపాయలుగా ఉండేది. కనీసం అదైనా పెట్టుకుందాం, నైపుణ్యానికి అది తక్కువే అయినా. ఒక చేతుల్లేని కోటు ముందుభాగమంతా కుట్టడానికి ఐదు రోజులు పట్టిందనుకోండి. కుట్టుకే 1,500. బట్ట, దారం, అద్దాలకు ఓ 400, దర్జీకి 250, ఇస్త్రీ, రవాణా ఓ 150. చేతికొచ్చేసరికి 2,300. షాపు అద్దె, పన్ను, అమ్ముడుపోక మిగిలేవాటి భారం కలిపితే ధర నాలుగు వేలు దాటుతుంది. ‘ఇలాంటిదే మిషన్‌ది ఎనిమిది వందలకు దొరుకుతుంది కదా’ అంటారు కొనేవాళ్ళు. సరిగ్గా ఇక్కడే చాలామంది వ్యాపారులు కూలి కోస్తారు. పీస్ రేటు తగ్గించి, మిగతాది ‘ఖాళీ టైమ్’ ఖాతాలో రాసేస్తారు.

కోయాల్సింది కూలిని కాదు, కుట్టు విస్తీర్ణాన్ని. జేబు మూత మీద, కాలరు కింద, భుజం దగ్గర బెత్తెడు పని చాలు. పూటలో అయిపోతుంది. 150 కూలి పూర్తిగా ముట్టజెప్పినా షర్టు మామూలు మనిషి కొనగలిగే ధరలోనే ఉంటుంది. పైగా ఆ ముక్క ఇంటి దగ్గర కుట్టి ఇస్తే పట్నంలో దర్జీ షర్టుకు అతుకుతాడు. సైజుల గొడవ తండా దాకా పోదు. ఎర్రబట్టను మాత్రం ముందే ఉతికి, రంగు దిగదని చూశాకే చేతికివ్వాలి. రంగు కారి మొత్తం షర్టు పాడైతే ఆ నష్టం కుట్టినామె కూలిలోంచి కోయడం ఘోరం. బట్ట తెచ్చింది ఆమె కాదు. ఎవరు ఎన్ని గంటలు పని చేశారో, ఎంత ముట్టిందో రాసే పుస్తకం కుట్టే ఆడవాళ్ళ సంఘం దగ్గరే ఉండాలి.

అడ్వాన్సు సంగతి మరీ ముఖ్యం. తండాలకు ఆ మాట కొత్త కాదు. వానలు చాలని భూములు వదిలి, చెరకు నరకడానికి కుటుంబాలు వలస పోయే ప్రాంతం ఇది. మేస్త్రీ ముందు డబ్బు చేతిలో పెడతాడు. ఆ అప్పు తీరేదాకా భార్యాభర్తలిద్దరూ కొడవలి దించడానికి లేదు. పిల్లల బడి మధ్యలోనే ఆగుతుంది. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ నియమాల్లోనూ అడ్వాన్సు ఉంది. చేతిపని ఆర్డరుకు, అడిగితే సగం డబ్బు ముందే, వడ్డీ లేకుండా ఇవ్వాలి. అదే మాట, కానీ మనిషిని కట్టేసేది కాదు. దారం, అద్దాలు కొనేందుకు ఉప్పు పప్పు డబ్బులు వాడుకోనక్కర్లేకుండా చేసేది.

వ్యాపారం పెట్టేవాళ్ళు మొదటి ఆర్డరు తేదీని షోరూమ్ సీజన్ చూసి కాదు, ఈ వలస చూసి పెట్టుకోవాలి. సగం డబ్బు దసరాకు ముందే తండాకు చేరాలి. చెరకు లారీ వచ్చేది ఆ తర్వాతే.