ఫెయిల్ చేసే ముందు ఆ రెండు నెలలు పాఠం చెప్పేదెవరు?

2024 డిసెంబరులో కేంద్రం నో డిటెన్షన్ ఎత్తేసిందని వార్త వచ్చిన కాడ్నించి అందరిదీ ఒకటే మాట: ఇంక అయిదులో, ఎనిమిదిలో ఫెయిల్ చేస్తారంట. అందులో నిజం సగమే. ఆ రూలు కేంద్రం నడిపే బళ్లకి. అంటే మన జిల్లాలో చిలకలూరిపేట కాడ ఉన్న మద్దిరాల నవోదయకి వర్తిస్తది గానీ మీ ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకి కాదు. మన బళ్ల సంగతి రాష్ట్రం తేల్చాల.

2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఏ పిల్లగాణ్ణీ అదే క్లాసులో ఆపొద్దంది. దాంతోపాటు ఏడాది పొడుగునా పిల్లల్ని గమనిస్తా, ఎక్కడ వెనకబడ్డారో చూసి దిద్దాలని కూడా అంది. మొదటిది చేశాం. రెండోది రికార్డులు నింపడం కాడే ఆగింది. కరోనా తర్వాత 2022లో పది పరీక్షలు పెడితే రాష్ట్రంలో పాసయింది 67.26 శాతమే. అంతకుముందు ఎవరూ ఆపలా, పదికొచ్చాక ఒక్కసారే గోడ.

అట్టాగని పాత పద్ధతే మేలంటే నేనొప్పుకోను. మా పెద్దమ్మ ఏడో క్లాసు తప్పింది. మరుసటేడు ఆమె పోయింది బడికి కాదు, చేలోకి.

2019లో చట్టం మార్చారు. అయిదు, ఎనిమిది క్లాసుల చివర పరీక్ష పెట్టాల. తప్పినోళ్లకి అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాల. అప్పుడూ తప్పితే ఆపొచ్చా లేదా అన్నది రాష్ట్రం ఇష్టం. బడిలోనించి మాత్రం తీసెయ్యకూడదు.

మెలిక ఇక్కడే ఉంది. మన బళ్లల్లో ఏడాది పరీక్షలు ఏప్రిల్లో అయిపోతయ్, నెలాఖరుకి తాళం పడద్ది. మళ్లీ తెరిచేది జూన్ 12న. చట్టం చెప్పిన రెండు నెలల్లో సగానికి పైగా ఎండాకాలం సెలవులే! ఆ పాఠాలు చెప్పేదెవరు, వినేదెవరు? పైగా గురజాల, మాచర్ల వైపు జనవరి నించి మిరగాయ కోతలు. కూలికి పోయే ఇళ్లల్లో పెద్దపిల్ల చిన్నోళ్లని చూసుకుంటా ఇంటికాడే ఉంటది, లేకపోతే కల్లంలో ఉంటది. ఆ పిల్ల పరీక్ష తప్పితే తప్పు ఆ పిల్లదా?

అందుకే ఇది జీవోలతో తేల్చే పని కాదంటన్నా. 2019లో పదో క్లాసు ఇంటర్నల్ మార్కులు తీసేసింది జీవోతోనే. తర్వాత పదకొండు పేపర్లు ఏడయినయ్, 2023కి ఆరయినయ్. ఊళ్లో తల్లిదండ్రుల్ని అడిగింది లేదు. రాష్ట్రం పరీక్ష పెట్టాలనుకుంటే శాసనసభకి బిల్లు తేవాల. కోతలు మొదలుగాక ముందే, నవంబరులోనే ఓసారి పిల్లల్ని పరీక్షించి, వెనకబడినోళ్లకి అప్పట్నించే విడిగా చెప్పాలని అందులో రాయాల. దానికి టీచర్ని, డబ్బుని కూడా చూపించాల. ఆ అదనపు పాఠాలు చెప్పినట్టు రుజువు లేని బడిలో ఏ పిల్లనీ ఆపగూడదన్న ముక్క కూడా ఉండాల.

ఈసారి బడి కమిటీ మీటింగు పెడితే మీ అమ్మానాయనల్తో పాటు మీరూ పోండి. ఎండాకాలం పాఠాలు ఎవరు చెబుతారో హెడ్‌మాస్టర్ గారినే అడగండి.