టీకాకూ మద్దతు ధర!

పసిబిడ్డకు జ్వరం ముదిరి డొక్కలు ఎగరేస్తుంటే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. న్యుమోనియా అని డాక్టర్లు చెప్పే ఈ జబ్బును తెచ్చే క్రిముల్లో ముఖ్యమైనది న్యుమోకాకస్‌. దీనినుంచి పిల్లలను కాపాడే టీకా 2000లోనే అమెరికాలో వచ్చింది. పేద దేశాలకు మాత్రం ఏళ్ల తరబడి రాలేదు. కొనే స్తోమత లేని వారికోసం ఏ కంపెనీ మాత్రం ఫ్యాక్టరీ కడుతుంది?

ఈ చిక్కు విప్పడానికి కొన్ని ప్రభుత్వాలు పట్టిన దారి మన రైతులకు తెలిసినదే. నాట్లకు ముందు వరికి మద్దతు ధర ప్రకటించినట్టు, సరుకు రాకముందే టీకాకు ధర కట్టాయి. ఇటలీ, బ్రిటన్‌, కెనడా, రష్యా, నార్వే ప్రభుత్వాలు, గేట్స్‌ ఫౌండేషన్‌ కలిసి 150 కోట్ల డాలర్లు ఇస్తామని 2007లో మాట ఇచ్చాయి. అందులో 63.5 కోట్లు ఇటలీవే. 2009లో పథకం అమలులోకి వచ్చింది.

డబ్బు ముందుగా కంపెనీల చేతిలో పెట్టలేదు. టీకా నాణ్యమైనదని తేలాలి, పేద దేశాలు తమకు కావాలని అడగాలి. అప్పుడే చెల్లింపు. మొదట ఇచ్చే కొంత సరుకుకు డోసుకు 7 డాలర్లు. తర్వాత 3.50 డాలర్లకు మించి అడగరాదు. ధర పడిపోకుండా చూసేది మన మద్దతు ధర. ఇది ధర పెరగకుండా కూడా ముడి వేసింది. రైతుకు ఇంత గట్టి కాగితం ఎవరూ రాసివ్వలేదు, అది వేరే సంగతి.

2010 డిసెంబరులో నికరాగ్వా పిల్లలకు, మరుసటి ఏడాది కెన్యా పిల్లలకు టీకా అందింది.

అయితే పదేళ్లపాటు అమ్మినవి ఫైజర్‌, గ్లాక్సో రెండే. ధనిక దేశాల్లో బాగా గడించిన కంపెనీలకే మళ్లీ ఎందుకు ముట్టజెప్పాలని విమర్శలు వచ్చాయి. అన్ని డోసులూ కలిపి బిడ్డకు 5 డాలర్లకే ఇవ్వాలని సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ 2015లో పట్టుబట్టింది. ఆ మాటలో న్యాయం ఉంది. ధర నిజంగా దిగింది పోటీ వచ్చాకనే. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌ తయారుచేసిన టీకాకు 2019 చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. 2020లో ఆ సంస్థ డోసు 2 డాలర్లకే ఇవ్వడానికి ఒప్పుకుంది.

మన దేశంలో ఈ టీకాను 2017లో హిమాచల్‌ ప్రదేశ్‌తోపాటు ఉత్తరప్రదేశ్‌, బీహార్‌లలోని కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టారు. 2021లో తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటికీ విస్తరించారు. టీకా కార్డులో పీసీవీ అని ఉండేది ఇదే. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలు నిండాక ఉచితంగా వేస్తారు. మూడో సూది తట్టు టీకా వేసే రోజునే ఉంటుంది.