రెండు బెలూన్ల గొట్టం

"ఎండోస్కోపీ గొట్టాన్నే ఇంకాస్త పొడుగు చేసి తోస్తే పోలేదా సార్?" చిన్నపేగు పాఠం చెబుతుంటే ఓ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. డాక్టర్లు ఏళ్ల తరబడి చేసిందీ అదే. కొంతదూరం పోయి గొట్టం మొరాయించేది.

చిన్నపేగులో కణితి లేచి బొట్టుబొట్టుగా రక్తం కారితే బయటికి తెలియదు. మనిషి పాలిపోతాడు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పైనుంచి ఎండోస్కోపీ, కింది నుంచి కొలనోస్కోపీ చేస్తే అంతా బాగానే ఉందంటారు. ఆ రెంటికీ అందని పేగు మీటర్ల కొద్దీ మధ్యలో మిగిలిపోతుంది.

2000లో ఇజ్రాయెల్ క్షిపణి ఇంజనీరు గావ్రియేల్ ఇడ్డాన్ బృందం మింగే కెమెరాను లోకానికి చూపింది. సెకనుకు రెండు బొమ్మలు తీస్తూ పేగంతా తిరిగొస్తుంది. అద్భుతమే. కానీ అది ఆగమంటే ఆగదు, వెనక్కి రాదు, ముక్క తీయదు. గోడ పొరల్లో పెరిగే కణితిని ఒక్కోసారి దాటిపోతుంది. పేగు ఇరుకైన చోట ఇరుక్కుపోవచ్చు కూడా.

నాకు మనసైనది జపాన్‌లోని జిచి వైద్య విశ్వవిద్యాలయంలో హిరోనోరి యమమోటో చేసిన గొట్టం. తోసిన బలమంతా పేగు వంపులను సాగదీయడానికే ఖర్చవుతోందనీ, కొసకు చేరడం లేదనీ ఆయన గ్రహించాడు. అయితే పేగును సాగనివ్వకుండా పట్టుకుంటే? రెండు మీటర్ల ఎండోస్కోపుకి పైన మరో గొట్టం తొడిగాడు. రెంటి కొసలకూ చెరో మెత్తని బెలూన్. పైగొట్టం బెలూన్ ఊదితే అది పేగు గోడను లోపలినుంచి పట్టుకుంటుంది. ఇప్పుడు తోస్తే ఎండోస్కోపు ముందుకే పోతుంది. తర్వాత కొస బెలూన్ ఊది, వెనకదాని గాలి తీసి, పైగొట్టాన్ని దాని దగ్గరికి జరుపుతారు. మళ్లీ రెండూ ఊది, మొత్తాన్ని మెల్లగా వెనక్కి లాగుతారు. అసలు కిటుకు ఈ లాగడంలోనే ఉంది. బొందు ఎక్కించేటప్పుడు లంగా గుడ్డ కుచ్చులు పడినట్టు, పేగు గొట్టం మీదికి మడతలు మడతలుగా చేరుతుంది. ఇలా పదేపదే చేస్తే పొట్టి గొట్టం పొడుగు పేగును దాటేస్తుంది. బెలూన్లలో ఒత్తిడి 45 మిల్లీమీటర్ల పాదరసం దగ్గరే ఉంచుతారు, పేగు గోడ నలగకుండా.

నోటి నుంచి ఎంత దూరం పోగలిగితే అంత పోయి, అక్కడ గోడలోకి సూదితో సిరా ఎక్కిస్తారు. మరోసారి కింది నుంచి వెళ్లి ఆ మచ్చను వెతుకుతారు. అది కనబడిందంటే పేగు మొత్తం చూసినట్టే. కణితి కనబడితే అక్కడే ముక్క తీస్తారు, పక్కన సిరా గుర్తు పెడితే సర్జన్‌కు వెతుకులాట తప్పుతుంది.

2001లో ఈ పద్ధతి అచ్చయింది. తర్వాత ఒకే బెలూన్ రకాలూ వచ్చాయి. ఇప్పుడు చాలాచోట్ల ముందు ఆ కెమెరా క్యాప్సూల్ మింగిస్తారు, అది చూపిన జాగాను బట్టి గొట్టం ఎటునుంచి వేయాలో తేల్చుకుంటారు.

ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ దిగిపోతూ, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెంటిలోనూ ఏమీ లేదని వస్తే అక్కడితో వదిలేయకండి. చిన్నపేగు సంగతేమిటని మీ డాక్టరును అడగండి.