క్వారీలో మందు పేలితే మన గోడకు ఏమవుతుంది?

టెక్కలి, నందిగాం, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చిన మిత్రులకు క్వారీ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. పలాస జీడిపప్పు లాగే టెక్కలి నీలి గ్రానైటు కూడా పై దేశాలకు పోతుంది. రాయి ఓడెక్కుతుంది, బీటలు మాత్రం మన గోడకు మిగులుతాయి అని ఊళ్లో పెద్దలంటారు. ఈ మాటను కొలిచి తేల్చవచ్చు. భూగర్భశాస్త్రంలో పీజీ చదువుతూ మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఒక తేడా గమనించాలి. దిమ్మలు తీసే క్వారీలో మందు తక్కువే వాడతారు, ఎక్కువైతే దిమ్మే చీలి ధర పోతుంది. పెద్ద పేలుళ్లు ఎక్కువగా కంకర క్వారీలవి.

చెరువులో రాయి వేస్తే అల ఒడ్డుకు వస్తుంది, నీటి మీది ఆకు మాత్రం ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. భూమిలోనూ అంతే. గట్టి రాతిలో అల సెకనుకు కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. ఇంటికి హాని చేసేది ఆ వేగం కాదు, పునాది దగ్గర మట్టి ఊగే వేగం. దాన్ని సెకనుకు మిల్లీమీటర్లలో కొలుస్తారు. కొలిచే పరికరం జియోఫోను. మూడు దిశల్లో కదలికను నమోదు చేస్తుంది. దాన్ని ఇంటి పక్కన, పునాదికి దగ్గరగా నేలలో గట్టిగా దిగేయాలి. డాబా మీదో, వదులు మట్టిలోనో పెడితే వచ్చే అంకెకు విలువ లేదు.

గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన 7వ సాంకేతిక సర్క్యులర్ ప్రకారం, క్వారీ యజమానివి కాని నివాస గృహాల దగ్గర ఊపు సెకనుకు 8 సార్ల కంటే తక్కువైతే హద్దు 5 మి.మీ., 8 నుంచి 25 వరకు 10 మి.మీ., ఆ పైన 15 మి.మీ. నెమ్మది ఊపుకే ఎందుకింత కట్టడి? ఒకటి రెండంతస్తుల ఇళ్ల సొంత ఊపు సుమారుగా సెకనుకు 4 నుంచి 12 సార్లు. రెండూ కలిస్తే, ఉయ్యాలను సరైన సమయానికి తోసినట్టు, ఇల్లు మరింత ఊగుతుంది. దూరం పెరిగేకొద్దీ, మెత్తటి నేలలోనూ మిగిలేది ఎక్కువగా ఈ నెమ్మది ఊపే.

తగ్గించే ఉపాయం కూడా ఉంది. దూరాన్ని, ఒక్కసారిగా పేలే మందు బరువు వర్గమూలంతో భాగించండి. 200 మీటర్ల దూరంలో 100 కిలోలు ఒకేసారి పేలితే 20 వస్తుంది. అదే మందును 25 కిలోల చొప్పున, కొన్ని మిల్లీసెకన్ల తేడాతో నాలుగు దఫాలుగా పేలిస్తే 40. అంకె రెట్టింపైతే అదురు సుమారు మూడో వంతుకు పడిపోతుంది. మందు అంతే, రాయీ అంతే. డిలే డిటోనేటర్లకు అయ్యే ఖర్చు ఎక్కువని ఎవరైనా అంటే మాకు నమ్మబుద్ధి కాదు.

కిటికీలు గడగడలాడేది చాలాసార్లు నేల వల్ల కాదు, గాలి ఒత్తిడి వల్ల. దానికి వేరే మైకు పెడతారు.

మాలో ఒకరి ఇంటి గోడ బీటలిచ్చింది. వెళ్లి అడిగితే "అది 2018 తిత్లీ తుపానుకు పోయిన గోడ" అన్నారు. కావచ్చు కూడా. ఎండకూ, పునాది కుంగినా గోడలు పగులుతాయి. కాదని చూపే కాగితం మన దగ్గర లేకపోవడమే అసలు చిక్కు. అందుకే పేలుళ్లు మొదలుకాక ముందే ప్రతి ఇంటి గోడలనూ తేదీతో ఫొటోలు తీయించాలి. పాత బీట మీద సన్నని గాజుముక్కను అడ్డంగా సిమెంటుతో అతికించి తేదీ రాయండి. బీట పెరిగితే గాజు విరుగుతుంది. పేలుడు జరిగిన రోజు, గంట ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

మందుగుండు వాడే క్వారీ చిన్నదైనా 2025 వరకు 1952 గనుల చట్టం కిందికే వచ్చేది. అదురు కొలతల నివేదికలు ప్రభుత్వ కార్యాలయానికి చేరి ఉంటే, వాటి నకలు కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. ఆ దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు.