లెక్క చెప్పే ఇంట్లోనే వ్యాపారానికి ధైర్యం

రెండెకరాల భూమిని ముగ్గురు కొడుకులకు పంచితే ఎవరి కుటుంబమూ గడవదు. నౌకరీలు అందరికీ దొరకవు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి ఏండ్ల తరబడి యువకులు గల్ఫ్ బాట పట్టింది ఇందుకే. అప్పు తెచ్చి వీసా ఇప్పించే తండ్రి, అదే కొడుకు ఊళ్లో పిండిగిర్ని పెడతానంటే జంకుతాడు. కొడుకుకూ లోపల భయమే. ఎందుకంటే ఇంట్లో ఎన్నడూ అతని చేతికి లెక్క రాలేదు. "నీకెందుకు బిడ్డా, నువ్వు చదువుకో" అన్న మాటే విన్నాడు.

చేతిపని ఇండ్లలో

కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిర్మల్‌లో పొనికి కర్రతో బొమ్మలు చేస్తారు. ఇలాంటి ఇండ్లలో పిల్లలు పెద్దల పక్కన కూర్చుని పనితో పాటు బేరం కూడా నేర్చుకుంటారు. సరుకు ఎంత పడింది, తరుగు ఎంత పోయింది, గిరాకీకి ఏం చెప్పాలి అన్నది చూస్తూనే వస్తుంది. అయితే రోజూ నష్టాల ముచ్చటే వింటే ఆ పిల్లలు కూడా పని వదిలి పోతారు.

ములుకనూరు పాఠం

అప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి హన్మకొండ జిల్లాలోని ములుకనూరులో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి చొరవతో రైతుల సహకార సంఘం ఏర్పడింది. తర్వాత అదే ప్రాంతంలో పొదుపు సంఘాల మహిళలు 2000లో సొంతంగా డెయిరీ పెట్టుకున్నారు. తల్లి పాలు పోసి, పుస్తకం చూసి, పైసలు లెక్కపెట్టుకునే ఇంట్లో పెరిగే ఆడపిల్లకు లెక్కంటే బెరుకుండదు.

మీ ఇంట్లో ఏం చేయాలి?

1. ఈ పంట నుంచే ఖర్చుల పుస్తకం పిల్లలతో రాయించండి. విత్తనం, ఎరువు, కూలి, కిరాయి, వడ్డీ ఏదీ వదలవద్దు.

2. పత్తి అమ్మే రోజు జమ్మికుంటకో, ఆదిలాబాద్ యార్డుకో వెంట తీసుకుపోండి. తూకం, తేమ, కోతలు కండ్లారా చూడనివ్వండి.

3. చిన్న పెట్టుబడి చేతికివ్వండి. వెయ్యి రూపాయల కోడిపిల్లలు కొని, దాణాకు 600 పెట్టి, 2,200కు అమ్మితే మిగిలేది 600. చచ్చిన పిల్లల నష్టం అందులోనే పోవాలి. మిగిలింది వారికే ఉంచండి. కొడుకుతో సమానంగా బిడ్డకూ ఇవ్వండి.

4. ఎంత పోతే ఇల్లు తట్టుకుంటుందో ముందే అనుకోండి. ఆ గీత దాటవద్దు. భూమి తాకట్టు పెట్టవద్దు. 2015లో వచ్చిన ముద్ర పథకం శిశు విభాగంలో 50 వేల వరకు పూచీకత్తు లేని అప్పు ఉంది. అప్పుకు ముందు ఒక సీజన్ చిన్నగా నడిపి చూడనివ్వండి.

5. నష్టం వస్తే నలుగురిలో దెప్పవద్దు. పుస్తకం ముందేసుకుని ఎక్కడ పోయిందో ఇద్దరూ వెతకండి.

పెంపకం ఒక్కటే చాలదు. గిరాకీ ఉండాలి, కరెంటు ఉండాలి, బ్యాంకు కూడా సహకరించాలి. అవి మన చేతుల్లో లేవు. పుస్తకం పిల్లల చేతికివ్వడం మాత్రం మన చేతిలోనే ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. దుబాయికే పోయినా, ఆ లెక్క తెలిసిన పిల్లవాడు ఏజెంటు మాటకు అంత సులువుగా మోసపోడు.