బల్ల మీద గోదావరి వంతెన

ఢిల్లీ సాకేత్‌లోని మా ఫ్లాట్లో ఇప్పుడు గోదావరి మీద రైలు వంతెన లేస్తోంది. మొత్తం వంతెన కాదర్రా, ఒక్క ఖానాయే, అంటే రెండు స్తంభాల మధ్య భాగం. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రైలెక్కినవాళ్ళు ఎవరూ మరిచిపోలేని ఆ కాంక్రీటు విల్లుల వంతెన, 1997లో పూర్తయినది. దానికి 28 ఖానాలు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు.

రైలు మోడళ్ళు చేసేవాళ్ళు ఎక్కువగా వాడే కొలతని హెచ్‌ఓ అంటారు. అసలులో 87వ వంతు అన్నమాట. ఆ లెక్కన మొత్తం వంతెన 31 మీటర్లు దాటుతుంది. ఢిల్లీ ఫ్లాట్లో అంత చోటెక్కడిది? ఒక్క ఖానా అయితే 112 సెంటీమీటర్లు, బల్ల మీద హాయిగా పడుతుంది. అదీ ఎక్కువే అనుకుంటే ఎన్ స్కేలు ఉంది, 160వ వంతు. అందులో ఖానా 61 సెంటీమీటర్లకి దిగుతుంది.

మందపాటి అట్ట, ఫెవికాల్, కాస్త ఓపిక. విల్లు ఆరాక దాని మీద చెయ్యి ఆనించి మా మనవడు అడిగాడు: "తాతయ్యా, అట్టే ఇంత గట్టిగా నిలబడితే అసలు వంతెనకి అంత కాంక్రీటు ఎందుకు?"

ఈ హాబీలోని సైన్సంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పొడుగు 87 రెట్లు తగ్గిస్తే, అడ్డుకోత వైశాల్యం 87 ఇంటూ 87, అంటే 7,569 రెట్లు తగ్గుతుంది. బరువు ఇంకోసారి 87 రెట్లు తగ్గి 6,58,503వ వంతుకి పడిపోతుంది. భరించే బలం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, భరించాల్సిన భారమేమో ఘనపరిమాణాన్ని బట్టి. అందుకే చిన్నది ఎప్పుడూ బలశాలే. అదే పదార్థంతో కట్టినా పెద్ద వంతెనలో చదరపు అంగుళం మీద 87 రెట్ల ఒత్తిడి. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతే ఎముకల బొమ్మ వేసి మరీ వివరించాడు. మోడలు నిలబడింది కదా అని అసలుది నిలబడుతుందని ఏ ఇంజనీరూ అనుకోడు.

బరువు సంగతి ఇంజనులో ఇంకా బాగా తెలుస్తుంది. మన ఎక్స్‌ప్రెస్‌లని లాగే డబ్ల్యూఏపీ-7 బరువు 123 టన్నులు. అంతా ఉన్నదున్నట్టుగా కుదించగలిగితే 187 గ్రాములు! 12 చక్రాలకి పంచితే చక్రానికి 16 గ్రాములు కూడా రావు. అసలు ఇంజను పైతీగ నుంచి 25,000 వోల్టులు తీసుకుంటుంది. మామూలు మోడలు పట్టాల నుంచే 12 వోల్టులు తీసుకుంటుంది, ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్. అంత తేలికపాటి చక్రం మా ఢిల్లీ దుమ్ముపొరని నొక్కి కరెంటు అందుకోవాలంటే కష్టమే. అందుకే చాలా మోడళ్ళ కడుపులో లోహపు దిమ్మ పెడతారు, ఆడించేవాళ్ళు పట్టాలు తుడుస్తూనే ఉంటారు.

కాలం మాత్రం కుదించుకుపోదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే ఇంజను ఒక విల్లు దాటడానికి దాదాపు 6 సెకన్లు. బల్ల మీదా అంతే పట్టాలి, అంటే సెకనుకి 19 సెంటీమీటర్లు. పిల్లలు రివ్వున తోలేస్తారు. నెమ్మదిగా తోలి చూడండి, ఒక్కసారిగా బొమ్మ కాస్తా రైలైపోతుంది! నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అదే.

ఇక పట్టాల ఎడం. సాకేత్‌లో మేమెక్కే ఎల్లో లైను మెట్రో బ్రాడ్‌గేజి, 1,676 మిల్లీమీటర్లు. రెండో స్టేషను హౌజ్ ఖాస్‌లో దిగి మెజెంటా లైను ఎక్కితే అది స్టాండర్డ్ గేజి, 1,435. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు. 1,435ని 87తో భాగించండి, అదే వస్తుంది. మెజెంటా మోడలుకి ఆ పట్టాలు అతికినట్టు సరిపోతాయి. ఎల్లో లైనుకీ, మన గోదావరి రైలుకీ మాత్రం 19.3 కావాలి. 16.5 మీద నిలబెడితే ఒళ్ళు సరిగ్గానే ఉండి కాళ్ళు దగ్గరికి లాక్కున్న మనిషిలా ఉంటుంది. అద్దాల బీరువాలో పెట్టుకునేదైతే 19.3తోనే చెయ్యాలి. నడిచేది కావాలంటే రెడీమేడ్ పట్టాలతో రాజీ పడక తప్పదు. నా ఓటు నడిచే రైలుకే.

వంతెన పక్కన మనిషిని పెట్టాలంటే రెండు సెంటీమీటర్లు మించకూడదు. సంక్రాంతి బొమ్మల కొలువులోంచి కొండపల్లి బొమ్మని తెచ్చి నిలబెట్టారా, రైలు కన్నా ఎత్తైపోతుంది.

కొలతలు నేర్చుకోవాలంటే చాణక్యపురిలో 1977 నుంచీ ఉన్న నేషనల్ రైల్ మ్యూజియానికి వెళ్ళండి. 1855 నాటి ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి ఇంజను ఒకప్పుడు అక్కడే ఉండేది. బ్రాడ్, మీటర్, నారో గేజి ఇంజనులన్నీ ఒక్కచోటే ఉంటాయి. టేపు పట్టుకెళ్ళి పట్టాల లోపలి అంచుల మధ్య దూరం కొలవండి, నిచ్చెన మెట్ల ఎడం కూడా రాసుకోండి. ఇంటికొచ్చి అన్నిటినీ 87తో భాగిస్తే మీ ఇంజను పటం సగం తయారైనట్టే. సోమవారం మాత్రం వెళ్ళకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు.