నీడ ఎటు పడుతుంది?

చిన్నపిల్లలు నీడను కూడా ఒక వస్తువుగానే భావిస్తారు. అది తమ ఒంట్లో నుండి బయటికి వచ్చి వెంట నడుస్తుందని నమ్ముతారు. అన్నం తినని పిల్లవాడికి గోడ మీది నీడను చూపి బూచాడని బెదిరించే పెద్దలు ఈ భ్రమకు భయాన్ని కూడా జోడిస్తున్నారు. దానికి బదులు, రాత్రివేళ ఒకే దీపం వెలిగించి వాడి చేతినే దాని ముందు ఉంచనివ్వండి. చెయ్యి దీపానికి దగ్గరయితే గోడ మీది నీడ పెరుగుతుంది, గోడకు దగ్గరయితే తగ్గుతుంది. కారణం మీరు చెప్పకండి, వాణ్ణే అడగండి. కాంతి తిన్నగా పోతుందని, చెయ్యి అడ్డుపడిన చోటికి అది చేరలేదని, ఆ చేరని చోటే నీడ అని రెండు మూడు రాత్రుల్లో వాడే గ్రహిస్తాడు.

సుమారు వెయ్యేళ్ల క్రితం, బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ కూడా దీపాలతో, చీకటి గదులతో పరీక్షించే కాంతి స్వభావాన్ని తెలుసుకున్నారు. ఆయన గ్రంథం పేరు ‘కితాబుల్ మనాజిర్’.

ఇక పగటి పాఠం. దీనికి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఎంతో అనువైనవి. ఇవి భూమధ్యరేఖకు ఉత్తరాన 18 డిగ్రీలకు కాస్త పైన ఉన్నాయి. అందువల్ల ఏటా మే 12, 13 తేదీల ప్రాంతంలోనూ, తిరిగి జూలై చివరిలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జూలైలో మబ్బులు అడ్డువస్తాయి కనుక మే నెలే మేలు. అప్పటికి బడులకు సెలవులు గనుక ఈ పాఠం చెప్పవలసింది తల్లిదండ్రులే.

100 సెంటీమీటర్ల కర్రను పెరట్లో పాతండి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉన్నదీ లేనిదీ చూడండి. ఆ రోజుల్లో మనకు నడిమధ్యాహ్నం పన్నెండుకు కాదు, సుమారు 11 గంటల 51 నిమిషాలకే అవుతుంది. అప్పుడు కర్ర నీడ దాని మొదట్లోనే అణగిపోతుంది. పిల్లలను నీడనే చూడమనండి, సూర్యుని వైపు చూడనివ్వకండి. ఆ తర్వాత జూలై చివరి వరకు మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21 ప్రాంతంలో దాని పొడవు దాదాపు 9 సెంటీమీటర్లు. మిగతా సంవత్సరమంతా ఉత్తరానికే.

ఈ కర్రే నమాజు వేళలను కూడా నేర్పుతుంది. నడిమధ్యాహ్నం దాటి నీడ తూర్పుకు మళ్లగానే జుహ్ర్ వేళ మొదలవుతుంది. అస్ర్ విషయంలోనే పిల్లలు తికమకపడతారు. నీడ కర్రంత అయితే అస్ర్ అని మాత్రమే చెబితే, డిసెంబరు 21 ప్రాంతంలో నడిమధ్యాహ్నమే నీడ 89 సెంటీమీటర్లు ఉంటుంది. మరికాసేపటికే అస్ర్ వచ్చేసిందని వారు పొరబడతారు. నడిమధ్యాహ్నపు నీడను మినహాయించి లెక్కించాలన్న నియమం అందుకే ఉన్నది. కాబట్టి ఆ రోజున నీడ 189 సెంటీమీటర్లకు చేరాలి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం నీడ రెండింతలు కావాలి గనుక 289. మే 13న ఈ లెక్కలే 100, 200 అవుతాయి. రెండు రోజుల గుర్తులనూ పెరట్లో సున్నంతో వేయించి, తేడా ఎంతో పిల్లలనే కొలవమనండి.